చేతికి ఆపరేషన్ అయ్యాక మొదటి 14 రోజులు: ఇంట్లో ఏది ముందు, ఏది తర్వాత

ఆపరేషన్ గంటలో, రెండు గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాత రెండు వారాలు ఆ చేయి ఇంట్లోవాళ్ల చేతుల్లో ఉంటుంది. కట్టు బిగిసినట్టుంది, కాస్త వదులు చేయొచ్చా? వేళ్లు కదిపితే కుట్లు ఊడిపోతాయా? తిమ్మిరి ఇంకా దిగలేదేం? ఫిజియోథెరపిస్టుగా నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట, జరగాల్సిన వరుసలో రాసేస్తే మేలనిపించింది.

ముంజేయి, మణికట్టు, వేళ్ల ఎముకలు విరిగి ప్లేటో వైర్లో వేయించుకున్నవాళ్లకు, టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి), నరాలు, రక్తనాళాలు తెగి కుట్టించుకున్నవాళ్లకు ఇది పనికొస్తుంది. మీ సర్జన్ చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా కనిపిస్తే సర్జన్ మాటే వినండి. లోపల చూసి కుట్టింది వాళ్లు, నేను కాదు.

ఈ రెండు వారాల్లో నేను అన్నిటికంటే భయపడేది వాపుకి. చేతిలో ఖాళీ చోటు తక్కువ, నీరు చేరితే పోవడానికి దారి ఉండదు. ఆ నీరు నీరులాగే ఉండిపోదు కూడా. అందులో ప్రొటీన్ ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ జిగురులా మారి టెండన్లనూ కీళ్లనూ చుట్టూ ఉన్నవాటికి అతికించేస్తుంది. ఆపరేషన్ చక్కగా అయినా పిడికిలి పడనివాళ్లలో చాలామంది కథ ఇదే. కింద చెప్పబోయే పనుల్లో సగం ఆ నీటిని దించడానికే.

## 1. డిశ్చార్జి అయ్యేటప్పుడు అడిగి రాసుకోండి

పైకి అన్ని కట్లూ ఒకేలా కనిపిస్తాయి. లోపల బాగుచేసింది ఎముకైతే వేళ్లు ఆడించమంటాం. టెండనైతే అదే కదలిక కొంప ముంచుతుంది. పక్క మంచం మీద ఆయనకు చెప్పింది విని మీరూ మొదలుపెట్టేయకండి.

☐ లోపల ఏమేం బాగుచేశారు: ఎముకా, టెండనా, నరమా, రక్తనాళమా?
☐ ఏ కీళ్లు కదపాలి? ఏవి అస్సలు కదపకూడదు?
☐ స్ప్లింట్ (చేయి కదలకుండా పట్టి ఉంచే అచ్చు) గానీ స్లాబ్ (ఒక వైపే వేసే ప్లాస్టర్ పట్టీ) గానీ ఇంట్లో తీయొచ్చా? తీస్తే ఎంతసేపు?
☐ ఆపరేషన్‌కు ముందే తిమ్మిరిగా ఉన్న చోట్లు ఏవి? ఇది తప్పకుండా రాయించుకోండి. పాత తిమ్మిరికీ కొత్త తిమ్మిరికీ తేడా తెలిసేది దీంతోనే.
☐ మత్తు చేతికి మాత్రమే ఇచ్చారా? ఎన్ని గంటలకు దిగుతుందన్నారు?
☐ మొదటిసారి కట్టు ఎప్పుడు మార్చాలి, ఎక్కడ?
☐ రక్తం పల్చబడే మందు ముందునుంచీ వాడుతుంటే మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?
☐ టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చారా?
☐ అర్ధరాత్రి తేడా వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

ఆ చివరి ప్రశ్న అడగనివాళ్లే ఎక్కువ. తెల్లారేదాకా ఆగి చేయి పాడుచేసుకున్నవాళ్లూ వాళ్లలోనే ఉంటారు.

## 2. ఇల్లు చేరకముందే సిద్ధం చేసుకోవాల్సినవి

మంచం పక్కన గట్టి దిండ్లు రెండుమూడు పెట్టండి. మెత్తటి దిండు రాత్రి నలిగి పల్చబడి, చేయి జారిపోతుంది.

ముందు గుండీలుండే వదులు చొక్కాలు, వెడల్పు చేతులవి తీసిపెట్టుకోండి. తొడిగేటప్పుడు ఆపరేషన్ అయిన చేయి ముందు, విప్పేటప్పుడు అదే చివర. ఈ ఒక్క సూత్రం తెలియక మొదటి రోజే చొక్కాలు చించుకుంటారు.

ఆ చేతికి ఉంగరాలు, గాజులు, గడియారం ఏవీ ఉండకూడదు. ఆసుపత్రిలో తీయకుండా వదిలేసి ఉంటే ఇంటికి రాగానే తీయండి. సబ్బునీళ్లతో రాకపోతే లాగి పీకొద్దు, కత్తిరించేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఉబ్బే వేలికి ఉంగరం ఉరితాడే. గోళ్లరంగు కూడా తుడిచేయాలి, రంగు కింద గోరు ఎలా ఉందో కనిపించదు.

నేలమీద జారే పట్టాలు, అడ్డంగా పడుండే తీగలు తీసేయండి. ఒక చేయి కట్టేసి ఉన్నప్పుడు మనిషి తూకం తప్పుతాడు. పడితే అదే చేతిమీద పడతాడు.

## 3. మొదటి రాత్రి: మత్తు దిగేదాకా

చేతికి మాత్రమే మత్తిస్తే అది 8 నుంచి 24 గంటలదాకా ఉండొచ్చు. అంతసేపూ ఆ చేయి మనది కానట్టే ఉంటుంది. ఎత్తబోతే ఎత్తబడదు, వదిలితే ముఖం మీద పడుతుంది. వేడి తగిలినా తెలియదు, మోచేయి మంచం అంచుకు నొక్కుకుపోతున్నా తెలియదు. మోచేతి లోపలి వైపు, చర్మానికి దగ్గరగా నరం వెళుతుంది కాబట్టి అక్కడ తప్పకుండా మెత్తగా ఏదైనా పెట్టండి.

అందరూ చేసే తప్పు ఒకటుంది. నొప్పి లేదు కదా అని మాత్ర వేసుకోకుండా పడుకుంటారు. రాత్రి 2 గంటలకు మత్తు ఒక్కసారిగా దిగి, నొప్పి విరుచుకుపడుతుంది. అప్పుడు వేసుకున్న మాత్ర పనిచేయడానికి అరగంటో గంటో పడుతుంది. వేళ్లలో సూదులు గుచ్చినట్టు మొదలవగానే, లేదా పడుకునే ముందే, రాసిచ్చిన మాత్ర వేసేయండి. అలారం పెట్టుకున్నా తప్పులేదు.

పైచేతి చుట్టూ పట్టీ కట్టినట్టు నొప్పి ఉంటే కంగారు పడకండి. ఆపరేషన్‌లో రక్తం రాకుండా అక్కడ టోర్నికే అనే పట్టీ బిగిస్తారు. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

మెడ దగ్గరో కాలర్ ఎముక దగ్గరో మత్తు సూది వేసి ఉంటే, ఊపిరి అందకపోయినా ఛాతీలో పొడిచినట్టున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. 24 గంటలు దాటినా చేతిలో చురుకు రాకపోతే ఫోన్ చేయాలి.

## 4. చేయి ఎత్తులో ఉంచడం, సరిగ్గా

ఇది అందరికీ తెలుసు. సరిగ్గా చేసేవాళ్లు తక్కువ.

మోచేయి గుండెకంటే పైన, మణికట్టు మోచేయికంటే పైన, వేళ్లు మణికట్టుకంటే పైన ఉండాలి. కొళాయి నీళ్లలా వాపు నీరు కూడా పల్లానికే పోతుంది. పడుకున్నప్పుడు పక్కన దిండ్లు మెట్లలా పేర్చి చేయి వాటిమీద వాల్చండి. కూర్చున్నప్పుడు బల్లమీద దిండు పెట్టి, మోచేయి దానిమీద ఆనించి, ముంజేయి పైకి నిలబెట్టండి. మోచేయి మరీ మడవకండి. లంబకోణం దాటి ముడిస్తే అక్కడే నీరు ఆగిపోతుంది.

వాపు సాధారణంగా రెండో, మూడో రోజుకి బాగా పెరుగుతుంది. కాబట్టి మొదటి 72 గంటలు రాత్రీపగలూ ఇదే పని. తర్వాత కూర్చున్నప్పుడూ పడుకున్నప్పుడూ చాలు.

ఇక స్లింగ్ సంగతి, అంటే మెడకు తగిలించి చేయి ఆనించే గుడ్డ. స్లింగ్ నడవడానికి మాత్రమే. మా అమ్మకు మణికట్టు విరిగి ప్లేటు వేశారు. ఊరంతటికీ చెప్పే నేను మూడో రోజు ఇంటికి వెళ్లి చూస్తే, ఆవిడ స్లింగ్ మెడలో వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ముడి జారి చేయి బొడ్డు దగ్గరికి వచ్చేసింది. చేతి వెనకభాగం పొంగి నున్నగా మెరుస్తోంది, వేలికణుపుల మీద ముడతలన్నీ మాయం. "కట్టుకోమని ఇచ్చిందే కదరా" అంది. తప్పు నాది, ఎప్పుడు వేసుకోవాలో చెప్పలేదు. స్లింగ్ తీసేసి దిండ్ల మీదికి ఎక్కించాం. రెండు రోజుల్లో ముడతలు తిరిగొచ్చాయి.

అప్పటినుంచి అందరికీ చెప్పే కొలబద్ద అదే: రోజూ ఒకే సమయానికి వేలికణుపుల మీద ముడతలు చూడండి. కనిపిస్తున్నాయంటే వాపు దిగుతోంది. నున్నగా ఉంటే చేయి ఎక్కడో కిందికి వేలాడుతోంది.

స్లింగ్ వేసుకుంటే చేయి ఛాతీ ఎత్తున, మణికట్టు మోచేయికంటే పైన ఉండాలి. మెడ ముడి గంటకోసారి సరిచూడండి. నడక అయిపోగానే తీసేయండి.

ఐసు పెట్టొచ్చా అని అడుగుతారు. కట్టు పైనుంచి, గుడ్డలో చుట్టి, 15 నుంచి 20 నిమిషాలు, తడి లోపలికి పోకుండా అయితే పెట్టొచ్చు. మత్తు దిగని చేతికి వద్దు. నరం తెగి స్పర్శ లేనిచోట వద్దు. రక్తనాళం కుట్టిన చేతికి అసలే వద్దు, చలికి రక్తనాళాలు ముడుచుకుపోతాయి.

## 5. వేళ్లను చూడటం: రంగు, వేడి, స్పర్శ, కదలిక

కట్టు లోపల ఏం జరుగుతోందో వేలికొసలే చెబుతాయి. అందుకే వాటిని బయట వదిలి కడతారు. మొదటి 24 గంటలు, మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, తర్వాత మూడు రోజులదాకా పూటపూటకీ చూడండి.

రంగు. వేలికొస మెత్తటి భాగాన్నో గోటినో నొక్కి వదలండి. తెల్లబడి, 2 సెకన్లలోపు మళ్లీ ఎరుపెక్కాలి. రెండో చేతి వేలినీ నొక్కి పోల్చండి. తెల్లగా ఉండిపోతే రక్తం లోపలికి రావట్లేదు. ఊదారంగుకి తిరిగి, నొక్కి వదిలితే చటుక్కున రంగు వచ్చేస్తుంటే రక్తం వెనక్కి పోవట్లేదు. రెండూ ప్రమాదమే.

వేడి. మీ చేతివెనక భాగాన్ని రెండు చేతుల వేళ్లకూ ఆనించి చూడండి. ఒక వేలు మాత్రమే చల్లగా ఉంటే అనుమానించాలి.

స్పర్శ. దూదితో మూడు చోట్ల తాకండి: చూపుడువేలి కొస, చిటికెనవేలి కొస, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చేతివెనక చర్మం. చేతికొచ్చే మూడు ముఖ్యమైన నరాలకు ఇవి ఆనవాళ్లు. మణికట్టు విరిగినవాళ్లకు బొటన, చూపుడు, మధ్యవేళ్లలో కొత్తగా తిమ్మిరి మొదలై పెరుగుతుంటే అదే రోజు చూపించాలి. అక్కడి నరం నొక్కుకుపోతోందన్నమాట.

కదలిక. టెండన్ కుట్టనివాళ్లకే ఇది. చిన్నపిల్లలను వేళ్లు ఆడించమంటే ఆడించరు. రాయి, కాగితం, కత్తెర ఆట ఆడించండి. రాయి, కాగితం, కత్తెర ఒక్కోటి ఒక్కో నరం పని. పిల్లాడు గెలవడానికే ప్రయత్నిస్తాడు, మనకు పరీక్ష అయిపోతుంది.

నరం కుట్టినవాళ్లకు ఒక మాట. మొదటి రెండు వారాల్లో స్పర్శ రాలేదని దిగులు పడకండి. కుట్టిన నరం కొన్ని వారాలు ఆగి, ఆ తర్వాత రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు దగ్గర కుడితే వేలికొసకు చేరడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ వేళ్లను కళ్లతో కాపాడుకోవాలి: వేడి గిన్నె, ఇస్త్రీపెట్టె, తలుపు సందు.

## 6. నొప్పి: ఏది మామూలు, ఏది కాదు

మామూలు నొప్పి చేయి దించితే పెరుగుతుంది, ఎత్తితే తగ్గుతుంది, మాత్ర వేస్తే ఒక మెట్టు దిగుతుంది. రెండో రోజుకంటే నాలుగో రోజు తేలికగా ఉంటుంది.

భయపడాల్సిన నొప్పి దీనికి పూర్తిగా తలకిందులు. గంటగంటకీ పెరుగుతుంది, మాత్రలకు లొంగదు. ముంజేయి రాయిలా బిగుసుకుంటుంది. వేరేవాళ్లు వేళ్లను మెల్లగా చాచబోయినా మనిషి కేక పెడతాడు. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. కండరాల చుట్టూ ఉండే గట్టి పొర సాగదు. లోపల వాపు పెరిగితే ఒత్తిడికి రక్తం అందక కండరం చచ్చిపోతుంది. సుమారు 6 గంటలు దాటితే పోయిన కండరం తిరిగి రాదు, చేయి పక్షి పంజాలా ముడుచుకుపోతుంది.

చాలామంది వేళ్లు తెల్లబడేదాకా, నాడి ఆగేదాకా ఎదురుచూస్తారు. అవి ఆఖరున వచ్చే గుర్తులు. నాడి బాగా కొట్టుకుంటున్నా లోపల కండరం పోతుండొచ్చు. మొదటి గుర్తు నొప్పే.

అనుమానం వస్తే వరుస ఇదీ:

1. ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. తెల్లారేదాకా ఆగొద్దు.
2. చేతిని గుండె ఎత్తున ఉంచండి. పైకెత్తొద్దు, ఎత్తితే రక్తం ఇంకా తక్కువ చేరుతుంది. మొదటినుంచీ ఎత్తమని చెప్పి ఇక్కడ వద్దంటున్నానేంటని అనిపిస్తుంది. ఈ ఒక్క సందర్భంలో లెక్క వేరు.
3. స్లాబ్ మీద క్రేప్ బ్యాండేజి చుట్టి ఉంటే, పైచుట్లను వదులు చేయమంటారేమో ఫోన్‌లోనే అడగండి. వదులు చేసినా స్లాబ్ ఉన్నచోటే ఉండాలి. చుట్టూ గట్టిగా వేసిన ప్లాస్టర్ కట్టును ఇంట్లో కోయడానికి చూడొద్దు.
4. వెంటనే మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు.

మత్తు దిగని చేతిలో ఈ నొప్పి తెలియదు. అందుకే మొదటి రాత్రి ముంజేయిని అప్పుడప్పుడూ ముట్టుకుని మెత్తగా ఉందో బిగిసిందో చూడాలి.

## 7. కదలిక: ఎవరికి ఏది

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మీది ఏ గుంపో ముందు తేల్చుకోండి.

### 7.1 ఎముక మాత్రమే విరిగి, ప్లేటో వైర్లో వేసినవాళ్లు

మొదటి రోజు నుంచే, కట్టు బయట ఉన్న కీళ్లన్నీ కదపాలి. వేళ్లు ఆడిస్తే ఎముక జరిగిపోతుందని భయపడి బొమ్మలా పెట్టుకుని కూర్చుంటారు. నాలుగో వారానికి ఎముక అతుక్కుంటుంటుంది, వేళ్లు మాత్రం కర్రల్లా అవుతాయి.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి, ఒక్కోటి 10 సార్లు:

- వేళ్లు పూర్తిగా చాచడం
- మొదటి కణుపు (వేలు అరచేతిని కలిసే చోటు) దగ్గర మాత్రమే వంచి, వేళ్లు నిటారుగా పైకప్పులా పెట్టడం
- పై రెండు కణుపులు మాత్రమే ముడిచి కొక్కెంలా చేయడం
- నిండు పిడికిలి
- బొటనవేలితో ఒక్కో వేలికొసనూ ముట్టడం

పిడికిలి ఒకటే పదిసార్లు తెరిచి మూసేస్తే సరిపోతుందనుకోకండి. కొక్కెం కదలికలో రెండు టెండన్లు ఒకదానిమీద ఒకటి ఎక్కువ దూరం జారతాయి, అతుక్కోకుండా ఆపేది అదే. బిగిసిన కట్టులో పూర్తి పిడికిలి పడదు, పడినంతే చాలు. వేళ్లను మీరే మీ బలంతో కదపాలి. ఇంకొకరు లాగి వంచితే వాపు పెరుగుతుంది.

### 7.2 వేలిని ముడిచే టెండన్ కుట్టినవాళ్లు

మణికట్టు, వేళ్లు కాస్త వంచి, చేతివెనక నుంచి కప్పులా స్ప్లింట్ వేస్తారు. దాన్ని తీయకూడదు. స్నానానికీ వద్దు, నిద్రకీ వద్దు, దురదకీ వద్దు.

మొదటి 3 వారాలు ఆ కుట్టు చాలా బలహీనంగా ఉంటుంది. కుట్టుకు ఆ మాత్రం బలముందని నమ్మి మోసపోయేది సరిగ్గా నొప్పి తగ్గిన రోజునే. పన్నెండో రోజున ఒకతను నిద్రలో దుప్పటి లాక్కున్నాడు. "లోపల టప్ మని చిన్న చప్పుడైంది సార్, నొప్పి కూడా లేదు" అన్నాడు. తెల్లారేసరికి వేలికొస ముడవడం లేదు. మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లాల్సి వచ్చింది.

☐ ఆ చేత్తో ఫోన్ కూడా పట్టుకోవద్దు
☐ రెండో చేత్తో వేళ్లు చాచి చూడొద్దు
☐ కుర్చీలోంచి లేచేటప్పుడు ఆ చేయి ఊతగా పెట్టొద్దు
☐ వేలు ముడుస్తుందో లేదో బలంగా పరీక్షించొద్దు

కదలిక అసలు వద్దని కాదు. సాధారణంగా 3 నుంచి 5 రోజుల మధ్య, స్ప్లింట్‌లో ఉంచే, మెల్లటి కదలికలు మొదలుపెడతాం. అవి థెరపిస్టు ఎదుటే నేర్చుకోవాలి, చూపించినవి చూపించినన్నే చేయాలి. వీడియో చూసి చేసేవి కావు. గట్టి పని చేయడానికి సుమారు 12 వారాలు పడుతుందని ముందే మనసుకి చెప్పుకోండి.

### 7.3 వేలిని చాచే టెండన్ తెగినవాళ్లు

ఇక్కడ నియమం తిరగబడుతుంది: ముడవకూడదు. వేలికొస వాలిపోయినవాళ్లకు చివరి కణుపు నిటారుగా ఉంచే చిన్న స్ప్లింట్ 6 నుంచి 8 వారాలు ఉంటుంది. దాన్ని మార్చేటప్పుడు వేలిని బల్లమీద బల్లపరుపుగా ఆనించి ఉంచండి. ఒక్కసారి కొస వాలినా లెక్క మళ్లీ మొదటి రోజు నుంచే.

### 7.4 అందరికీ

భుజాన్ని మరచిపోకండి. చేతికి దెబ్బ తగిలి, ఆరు వారాల తర్వాత భుజం పట్టేసి నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎందరో. భుజానికీ పైచేతికీ ఆపరేషన్ కాకపోతే రోజుకి నాలుగుసార్లు చేయి తలపైకి ఎత్తి దించండి, 10 సార్లు చొప్పున. కట్టులో లేని మోచేయినీ చాచి ముడవండి. ఇది వాపు నీటిని కూడా వెనక్కి తోస్తుంది.

## 8. కట్టు, తడి, పిన్నులు

ప్లాస్టర్ స్లాబ్ పూర్తిగా ఆరడానికి 24 నుంచి 72 గంటలు పడుతుంది. ఆలోపు వేళ్లతో నొక్కి పట్టుకోకండి, అరచేతులతో ఎత్తండి. గట్టి అంచుమీద పెట్టినా గుంట పడి, ఆ గుంట లోపల చర్మాన్ని పుండు చేస్తుంది.

కట్టుమీద రక్తం మరక కనిపిస్తే పెన్నుతో దాని అంచు వెంట గీత గీసి, పక్కన టైము రాయండి. గంట తర్వాత మరక గీత దాటిందా లేదా అన్నది ఊహించాల్సిన పనిలేదు. కాస్త మరక మామూలే. గీతలు దాటుతూ పోతుంటే, కట్టు తడిసి కారుతుంటే చేయి ఎత్తి ఫోన్ చేయండి.

స్నానానికి: ఒక ప్లాస్టిక్ సంచి తొడిగి కట్టు పై అంచు దాటాక టేపు వేయండి, దానిమీద తువ్వాలు చుట్టి రెండో సంచి. చేయి పైకెత్తి, నీళ్లు తగలని వైపుకి. స్నానం కాగానే లోపలి సంచి కూడా తీసేయాలి, చెమటకు చర్మం నానిపోతుంది. కట్టు తడిస్తే దానంతటదే ఆరుతుందిలే అని వదలొద్దు. అదే రోజు మార్పించాలి.

దురదకు పుల్లలు, అల్లికసూదులు లోపలికి తోయొద్దు. గీరుకున్నచోటే చీము పడుతుంది. పైనుంచి తట్టండి, లేదా హెయిర్ డ్రయర్ చల్లగాలి పెట్టండి.

వేలినుంచి బయటికి కనిపించే వైర్లు ఉంటే వాటిని తిప్పొద్దు, లోపలికి నెట్టొద్దు, బట్టలకు తగులుకోనివ్వొద్దు. శుభ్రం చేయాలా, కట్టు విప్పకుండా వదిలేయాలా అన్నది సర్జన్‌ను బట్టి మారుతుంది. వైరు వదులైనా, దాని చుట్టూ ఎర్రబడి చీము కనిపించినా చూపించండి.

చేతి కుట్లు మామూలుగా 10 నుంచి 14 రోజులకు తీస్తారు.

## 9. మందులు

పారాసెటమాల్ పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలు 8. కాలేయం జబ్బున్నవాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు, బాగా బక్కగా ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో, కలిపి ఇచ్చే నొప్పి బిళ్లల్లో కూడా ఇదే ఉంటుంది, లెక్కలో కలపండి. ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోవద్దు.

యాంటీబయాటిక్ రాసిస్తే చెప్పినన్ని రోజులూ వాడండి. షుగర్ ఉన్నవాళ్లు ఈ రెండు వారాలు అదుపులో ఉంచుకోకపోతే గాయం మానదు. పొగ మానాలి. నికోటిన్ వేళ్ల రక్తనాళాలను ముడుస్తుంది, ఎముక అతుక్కోవడాన్నీ ఆలస్యం చేస్తుంది.

## 10. తెగిన వేలు అతికించినవాళ్లకు

వీళ్లు కొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంటారు. ఇంటికొచ్చాక కూడా గది వెచ్చగా ఉండాలి, చేతిని చలికి వదలొద్దు. ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు, పక్కవాళ్ల పొగ కూడా చెరుపే. కాఫీ, టీలు ఎన్నాళ్లు మానాలో మీ సర్జన్‌ను అడగండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర ఒక్క పూట కూడా తప్పొద్దు.

వేలు పాలిపోయి చల్లబడితే చేయి గుండె ఎత్తుకు దించి, ఉబ్బి ఊదారంగుకి తిరిగితే పైకెత్తి బయల్దేరండి. రెంటికీ సమయం గంటల్లోనే.

## 11. ఎవరినీ అడగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

☐ మాత్రలకు లొంగకుండా పెరిగే నొప్పి, బిగుసుకున్న ముంజేయి
☐ వేలు తెల్లబడటం, ఊదారంగుకి తిరగడం, చల్లబడటం
☐ ముందు లేని తిమ్మిరి
☐ నిన్నటిదాకా ముడిచిన వేలు ఈరోజు ముడవకపోవడం, నొప్పి లేకపోయినా సరే
☐ చలి జ్వరం, కట్టునుంచి దుర్వాసన, చీము, చేతిమీద పైకి పాకే ఎర్రటి గీతలు
☐ వేలు మొత్తం ఉబ్బి, కాస్త ముడుచుకుని ఉండిపోయి, చాచబోతే భరించలేని నొప్పి. వేలి అరచేతి వైపు పొడవునా ముట్టుకుంటే నొప్పి. ఇది టెండన్ తొడుగులో చీముపట్టడం కావచ్చు
☐ గీతలు దాటుతున్న రక్తం మరక
☐ స్లాబ్ విరగడం, జారిపోవడం, తడవడం

రెండు వారాలు గడిచినా నొప్పి తగ్గకుండా, చర్మం నిగనిగలాడుతూ రంగు మారుతూ, చెమటలు పడుతూ, బట్ట తగిలినా మంటగా ఉంటే కుట్లు తీయించుకునే రోజున ఆ మాట తప్పకుండా చెప్పండి. దీన్ని తొందరగా పట్టుకుంటేనే లొంగుతుంది. ఆ రోజు వెళ్లేటప్పుడు వేసుకున్న మాత్రల చీటీ, మీరు గీసిన రక్తం మరక ఫోటో, ఏ వేలు ఎంతవరకు ముడుస్తోందో రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. "ఇంకో వారం ఏం కదపాలి, ఏం కదపకూడదు" అన్న ప్రశ్న మళ్లీ అడగండి, జవాబు ఈసారి మారుతుంది.